చెప్పుల చప్పుడు

దేవదూతలకు తెలుగు రాదని నేను నమ్మిన కాలం ఒకటుంది. నమ్మి ఊరుకుంటే ఆ తెలివితక్కువతనం నా వరకే ఉండిపోయేది. వాళ్లకు తెలుగు రాదు కాబట్టి మా అవ్వకు అరబ్బీ నేర్పాలని కూడా పూనుకున్నాను. అప్పటికి నాకు వచ్చిన అరబ్బీ ఎంతంటే, ఖురాన్ పట్టుకోవడానికి ముందు పిల్లలకు చెప్పే అక్షరాల పుస్తకంలో సగం. ఆ సగంలోనూ సగం బెత్తానికి వచ్చింది, నాకు కాదు.

నిన్న బాన్సువాడలో ఒక పెద్దాయనను మట్టి చేసి వచ్చాం. పొద్దున చెప్పులు కడుగుదామని కుళాయి దగ్గర కూర్చుంటే, అడుగున గోరీల మట్టి అట్టకట్టి ఉంది. నీళ్లు పోయబోయి ఆగిపోయాను. ఆ మట్టి, ఆ చెప్పులు నన్ను మళ్లీ పిల్లవాణ్ణి చేసి అదే గోరీల్లోకి తీసుకుపోయాయి.

మా ఊరు బీర్కూర్ దాటాక మంజీర పక్కన. అక్కడ ముస్లిం ఇళ్లు నాలుగైదుకు మించి లేవు. అన్ని ఇళ్లలోనూ తెలుగే. సలామ్ చెప్పుకుంటూ లోపలికి వచ్చి, "బువ్వ తిన్నవా?" అని అడిగేవాళ్లం. నాన్న నాకు బాపు, నాయనమ్మ అవ్వ. ఊరివాళ్లకు మేం తురకోళ్లం. బాన్సువాడ సంతకు వస్తే అక్కడి తురకలకు మేం తెలుగోళ్లం. కుడిచెప్పు ఎడమకాలికి తొడుక్కున్నట్టు ఉండేది మా నడక.

అవ్వకు మతం వేళ్ల మీద ఉండేది. చెయ్యి చాపి, ఒక్కో వేలూ ముడుస్తూ చెప్పేది. బొటనవేలు కలిమా: అల్లా ఒక్కడే, ముహమ్మద్ ప్రవక్త ఆయన పంపిన మనిషి అనే మాట. చూపుడువేలు నమాజు. నడిమివేలు రోజా, అంటే రంజాన్ ఉపవాసం. ఉంగరపు వేలు జకాతు: "ఉంగరం ఉన్నోళ్లకే గద బిడ్డ, లేనోళ్లకు ఇచ్చే పని." చిటికెన వేలు మక్కా యాత్ర: "హజ్జు మనసొంటోళ్లకు అందదు. అందుకే గిట్ల సన్నగ, దూరంగ ఉంటది."

"అన్నిట్ల పెద్దది కలిమా అంటవు. మరి బొటనవేలు పొట్టిగుంది గదవ్వా?"

"పొట్టిదే. గది లేకుండ బువ్వ ముద్ద కట్టి నోట్లె వెట్టుకో, సూస్త."

నేను ప్రయత్నించాను. పప్పు మోచేతిదాకా కారింది. మతం గురించి నాకు తిరుగులేని రుజువు దొరికింది అదొక్కటే.

నమాజు ఆమె అరబ్బీలోనే చదివేది, చిన్నప్పుడు వాళ్ల నాయన నేర్పినంత. వంగేది, నుదురు నేలకు ఆనించేది, లేచేది. ఆ మాటల అర్థం ఆమెకు తెలియదు. తెలిసిన భాగం నమాజు అయ్యాక మొదలయ్యేది. రెండు చేతులూ దోసిలిగా పైకెత్తి, పక్కింటావిడతో గోడ మీదుగా మాట్లాడినట్టు దువా చేసేది.

"అల్లా, నీకు ఎరుకలేనిదేమున్నది. అయినా చెప్త. బర్రె పాలు తగ్గించింది. చెరుకు ఎండుతుంది. గీ పోరడు బడికి పోతలేడు, పోయినట్టు జేస్తుండు. పటేలమ్మ మోకాలు ఇంక నొస్తుందట. ఆమె నిన్ను వేరే పేరుతోని పిలుస్తది గని, మోకాలు మోకాలే గద. నీకు మస్తు పనులుంటయ్. తీరినప్పుడు జర ఇటు సూడు."

చెప్పడం అయ్యాక దోసిలితో ముఖం తుడుచుకునేది. నేను ఊరుకునేవాణ్ణి కాదు.

"అల్లా ఏమన్నడవ్వా?"

"ఇన్నడు. ఇనేటోనికి మాటలెందుకు?"

ఆ ఏడు అల్లా చెరుకు సంగతి వినలేదు. మంజీరలో నీళ్లు పోయి ఇసుక మిగిలింది. బర్రెను అమ్మారు. దాన్ని తోలుకుపోతుంటే అవ్వ దాని మెడ మీద చెయ్యి వేసి ఊరి చివరిదాకా నడిచింది. ఆ తర్వాత అవ్వ, బాపు, అమ్మ, నేను కూడా ఊరు వదిలి బాన్సువాడలో మా మేనత్త ఇంటికి చేరాం.

మేనత్త భర్తకు బస్టాండు దగ్గర సైకిళ్ల దుకాణం. గంటల లెక్కన సైకిళ్లు కిరాయికి ఇచ్చేవాడు. దుకాణం వెనక రేకుల అర మాకిచ్చాడు, బాపుకు పంక్చర్ల పని ఇచ్చాడు. పగలంతా రబ్బరు వాసన, ట్యూబులకు పూసే జిగురు వాసన. సాయంత్రం అయ్యేసరికి వాటి మీదుగా ఆయన అత్తరు వాసన. అవ్వకు ఆయన అల్లుడు. అల్లుని ఇంట్లో తినాల్సి వచ్చిందని ఆమె పళ్లెంలో ఎప్పుడూ సగమే పెట్టుకునేది.

మొదటిరోజే ఆయన మా పిలుపులు సరిదిద్దాడు. మామ అనకూడదు, ఫుప్పా అనాలి. బాపు కాదు, అబ్బా. అవ్వ కాదు, దాదీ. నేను "దాదీ" అని పిలిస్తే అవ్వ వెనక్కి తిరిగి చూసేది, ఎవరో వచ్చారనుకుని.

ఫుప్పా చెడ్డవాడు కాదు. చెడ్డవాడైతే తిట్టుకుని నిద్రపోయేవాళ్లం. నమాజు తప్పేవాడు కాదు, జకాతు ఎగ్గొట్టేవాడు కాదు, రంజాన్‌లో వీధిలో ఎవరింట పొయ్యి వెలగలేదో చూసి తిండి పంపేవాడు. ట్యూబుల్లో గాలి నింపడం బాపు పని. మనుషుల్లో గాలి తీయడం మాత్రం ఆయన ఎవరికీ అప్పగించలేదు.

రంజాన్ ఆ ఏడు మండుటెండల్లో వచ్చింది. తెల్లవారకముందే జొన్నరొట్టె, పెరుగు తిని పెద్దలు రోజా పట్టేవారు. పొద్దు గూకేదాకా నీటి చుక్క కూడా లేదు. మా పిల్లలది పిట్ట రోజా, మధ్యాహ్నం దాకా. అదీ నాకు భారమే. నమాజుకు ముందు కాళ్లూ చేతులూ కడుక్కుని నోరు పుక్కిలించాలి కదా, ఆ పుక్కిలింతలో ఒక గుటక దారి తప్పి లోపలికి పోయేది. దారి తప్పేది నీళ్లా నేనా అన్నది అల్లాకు తెలుసు. అవ్వకూ తెలుసు.

"నీళ్లు సల్లగున్నయా బిడ్డ?" అని మెల్లిగా అడిగేది.

సాయంత్రం మసీదు సైరన్ కోసం అందరం గుడ్డ పరిచి కూర్చునేవాళ్లం. ఖర్జూరాలు, ఉడికించిన శనగ గుడాలు, ఎర్ర షర్బతు. రోజా విడిచే ముందు చేసే దువా తప్పక అందుతుందంటారు. ఒకరోజు అవ్వ ఆ సమయానికి దోసిలి ఎత్తింది. రోజంతా ఎండిన గొంతు కదా, మెల్లిగా అనుకున్నది గట్టిగానే వచ్చింది.

"అల్లా, నీకు ఎరుకలేనిదేమున్నది. అయినా చెప్త. బర్రెను కొన్నోళ్లు దానికి ఏళకు గడ్డి ఏస్తుండ్రో లేదో..."

ఫుప్పా చేతిలో ఖర్జూరం ఆగింది.

"ఏందమ్మా ఇది? అల్లాతోని బర్రెల ముచ్చటా?"

అవ్వ నవ్వబోయింది. "ఇంకెవలకు చెప్పాలె బిడ్డ?"

"చెప్పు, అరబ్బీల చెప్పు. లేకుంటె ఉర్దూల చెప్పు. తెలుగు దువా పైకి పోదు. గీ రేకుల కిందనే తిరుగుతది." ఆయన కొడుకుల వైపు తిరిగాడు, మంచి జోకు దొరికిన ముఖంతో. "రేపు సచ్చినంక ఖబర్ల ఇద్దరు ఫరిష్తేలొస్తరు. మున్కర్, నకీర్. లేపి కూసోవెట్టి అరబ్బీల అడుగుతరు. నీ దేవుడెవరు? నీ ధర్మమేది? నీ ప్రవక్త ఎవరు? అప్పుడేమంటవమ్మా? 'ఏందయ్యా, జర తెలుగుల అడుగుండ్రి' అంటవా?"

అందరూ నవ్వారు. మేనత్త కొంగు అడ్డం పెట్టుకుని నవ్వింది. నేనూ నవ్వాను. బాపు గుడాల్లోంచి రాళ్లు ఏరుతున్నట్టు తల వంచుకున్నాడు. అందులో రాళ్లేమీ లేవు. అవ్వ కూడా నవ్వి, దోసిలి దించేసింది. సైరన్ మోగింది. ఆమె ముందున్న గుడాలు అలాగే ఉండిపోయాయి.

నవ్వింది నవ్వాను గానీ, పడుకున్నాక నాకు భయం పట్టింది. అవ్వ ముసలిది. ఎప్పుడైనా పోవచ్చు. చీకటి గుంతలో ఒక్కతే ఉంటుంది. ఎవరో ఇద్దరు దేవదూతలు వచ్చి తెలియని భాషలో గద్దిస్తారు. జవాబు రాకపోతే ఏమవుతుందో మాకు చదువు చెప్పే ఉస్తాదు వర్ణించి వర్ణించి చెప్పి ఉన్నాడు. ఆయనకు సుఖాల కంటే శిక్షలు బాగా వచ్చు.

మర్నాటి నుంచి నేనే ఉస్తాదును. మధ్యాహ్నం అవ్వ చాటలో బియ్యం చెరుగుతుంటే ఎదురుగా కూర్చుని అడిగేవాణ్ణి.

"మన్ రబ్బుక?"

"గదేంది?"

"ఏందనొద్దు! అల్లా అనాలె."

"అడిగేది సమజైతెనే గద బిడ్డ, జవాబు చెప్పేది?"

"సమజ్ కావద్దవ్వా. యాదుంటే సాలు."

నాకు చదువు ఎలా అబ్బిందో అలాగే చెప్పాను. పాపం, ఆమె నేర్చుకుంది. మొదటి ప్రశ్నకు అల్లా, రెండోదానికి ఇస్లాం, మూడోదానికి ప్రవక్త పేరు. వరసలో అడిగితే వరసలో చెప్పేది, బడిపిల్లలా కళ్లు మూసుకుని. నాకు గర్వంగా ఉండేది. అక్కడితో ఆపితే బాగుండేది. కానీ నా బుర్రలో ఇంకో పురుగు తొలిచింది. ఫరిష్తేలు వరస మార్చి అడిగితే?

ఒక మధ్యాహ్నం మూడోది ముందు అడిగాను. అవ్వ తడబడి "అల్లా" అంది. "తప్పు!" అని అరిచి వెంటనే మొదటిది అడిగాను. ఆమె కంగారుగా ప్రవక్త పేరు చెప్పింది.

దేవుడెవరంటే అల్లా ఒక్కడే, ఇంకో పేరు రాకూడదు. ప్రవక్త ఎంత గొప్పవాడైనా మనిషే. మా మతంలో మొదటి అక్షరం ఇదే, ఇంతకు మించిన తప్పు మాట లేదు.

"ఏమడిగినవు బిడ్డ? నేనేమన్న?"

తెలుగులో చెప్పాను. అవ్వ చేతిలోంచి చాట జారింది. బియ్యం గచ్చంతా పరుచుకున్నాయి. "తౌబా, తౌబా" అంటూ రెండు చెంపలూ కొట్టుకుంది, మెత్తగా కాదు.

"అక్కడ గూడ గిట్లనే అంటె ఎట్ల?"

ఇద్దరం గచ్చు మీద కూర్చుని బియ్యం ఏరుకున్నాం.

ఆ రోజు నుంచి అవ్వ దువా ఆగిపోయింది. నమాజు మానలేదు. వంగేది, నుదురు ఆనించేది, లేచేది. చివర దోసిలి ఎత్తే చోట చేతులు మోకాళ్ల మీదే ఉండిపోయేవి. పెదవులు కదిలేవి కావు.

"దువా జెయ్యవా అవ్వా?"

"నాకు రాదు బిడ్డ."

పుట్టినప్పటి నుంచి మాట్లాడుతున్నవాడితో మాటలు బంద్ అయితే మనిషి ఏమవుతుంది? ఎవరికీ కనపడకుండా ఎండుతుంది. పండుగ రోజు సేమ్యాల పాయసం వేలితో అద్ది నాలుకకు రాసుకుని గిన్నె నా వైపు జరిపింది. వానలు మొదలయ్యేసరికి మంచం పట్టింది. ఫుప్పా దవాఖానకు తీసుకుపోయాడు, మందులు తెచ్చాడు, రిక్షాలోంచి తనే ఎత్తుకుని దించాడు. తన మీద పూర్తిగా కోపం పెంచుకోవడానికి వీలు లేకుండా చేసే మనిషి ఆయన.

ఒక మధ్యాహ్నం రేకుల మీద వాన కొడుతోంది. అవ్వ దగ్గర నేనొక్కణ్ణే ఉన్నాను. చెయ్యి ఊపి దగ్గరకు పిలిచింది.

"ఇద్దరొస్తరన్నడు గద మీ ఫుప్పా?"

"ఆఁ."

"ఇద్దరిట్ల ఒక్కలకన్న తెలుగొస్తదా బిడ్డ?"

వస్తుంది అని ఉంటే ఏం పోయేది? కానీ నేను ఉస్తాదును కదా. తెలియనిది తెలిసినట్టు చెప్పకూడదన్న నియమం నేను పాటించిన ఒకే ఒక్క సందర్భం అది.

"ఎరుకలేదవ్వా."

తల ఊపింది. నేను చెప్పిన పాఠాలన్నిటిలోకి అదే ఆమెకు తేలిగ్గా అర్థమైంది.

పోయేటప్పుడు అందరూ చుట్టూ కూర్చుని కలిమా గట్టిగా చెబుతూ ఉన్నారు, విని ఆమె కూడా అనాలని. పెదవులు కదిలాయని మేనత్త చెప్పేది. బాపు అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. నేను చూసింది చెయ్యి. బొటనవేలు మిగతా నాలుగు వేళ్లకూ ఆనించి, బువ్వ ముద్ద పట్టుకున్నట్టు ఉంది. కడిగి కఫన్ గుడ్డ చుట్టేటప్పుడు ఆడవాళ్లు ఆ వేళ్లను ఒక్కొక్కటే సాపు చేశారని తర్వాత అమ్మ చెప్పింది.

గోరీలకు మగవాళ్లమే వెళ్లాం. పోయినవాళ్ల కోసం చేసే నమాజులో వంగడం, నుదురు ఆనించడం ఉండవు, నిలబడే చదవాలి. అది నాకెవరూ చెప్పలేదు. అల్లాహు అక్బర్ అనగానే అలవాటు ప్రకారం నేలకు పడ్డాను. లేచేసరికి వరస వరసంతా నిలబడే ఉంది, నా నుదుటికి బురద. ఆ రోజు నవ్వే అర్హత ఉన్న మనిషి ఒక్కతే, ఆమె గుడ్డలో చుట్టుకుని ఉంది.

దించారు. ముఖం మక్కా వైపు తిప్పారు. ఒక్కొక్కరూ మూడు దోసిళ్ల మట్టి వేశారు. నావి చిన్న దోసిళ్లు. ఫుప్పా పక్కవాళ్లతో మెల్లగా అంటున్నాడు:

"ఇగ మనం మళ్లినంక మన చెప్పుల సప్పుడు లోపలోళ్లకు ఇనవడుతది. గా సప్పుడు దూరమైనంక వాళ్లొస్తరు, అడగనీకి."

నేను విన్నాను. అందరూ తిరిగి నడిచారు. తడిమట్టిలో చెప్పులు టపటపమంటూ దూరమవుతున్నాయి. అప్పుడు నాకొక ఉపాయం తోచింది. చప్పుడు దూరమైతే కదా వాళ్లు వచ్చేది? దూరం కాకపోతే? నేను ఖబరు పక్కనే అటూ ఇటూ నడవడం మొదలుపెట్టాను. కాళ్లు ఎత్తెత్తి వేస్తూ, చెప్పులు వీలైనంత గట్టిగా కొడుతూ. నేను నడిచినంతసేపూ అవ్వను ఎవరూ ఏమీ అడగలేరు.

"ఏం జేస్తున్నవ్‌రా గాడ?" ఫుప్పా గేటు దగ్గర నుంచి కేకేశాడు.

నడుస్తున్నాను. ఆయన వెనక్కి వచ్చాడు.

"పిచ్చి లేసిందా? గోరీల ఎగురుతరా?"

"నేనొస్తె వాళ్లొస్తరు ఫుప్పా! అవ్వకు ఇంక యాదికి లేదు!"

ఆయనకు అర్థం కాలేదో, అయిందో. రెక్క పట్టుకుని ఈడ్చుకుపోయాడు. ఒక చెప్పు అక్కడే బురదలో ఉండిపోయింది. ఒంటి చెప్పుతో గేటు దాటాను, టప్, టప్, టప్. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు.

మర్నాడు బాపు పొద్దున్నే ఎటో పోయి వచ్చి, రెండో చెప్పు నా ముందు పెట్టాడు.

"జరసేపు నేను గూడ నడిసొచ్చిన" అన్నాడు. ఆ సంగతి మళ్లీ ఎన్నడూ ఎత్తలేదు.

పెద్దయ్యాక ఒక మౌలానాను అడిగాను, ఎవరిదో సందేహం అన్నట్టు. నమాజు అరబ్బీలో చదవాలి గానీ దువా ఏ భాషలోనైనా చేసుకోవచ్చునని ఆయన చెప్పాడు. "నోళ్లను పుట్టించినోనికి మాట రాదనుకున్నవా?" అని నవ్వాడు కూడా. ఈ ఒక్క ముక్క తెలియక మా ఇంట్లో ఒక మనిషి దోసిలి దించేసింది. నేను మాత్రం ఉర్దూ, అరబ్బీ బాగా చదివి, పిల్లలకు ఉర్దూ చెబుతూ బతికి, ఇప్పుడు పింఛను తింటున్నాను. మా ఊళ్లో మా ఇళ్లు లేవు. సైకిళ్ల దుకాణం ఉన్నచోట ఫోన్లు అమ్ముతున్నారు. నన్ను బిడ్డా అని పిలిచే నోరు ఒక్కటీ మిగల్లేదు.

నిన్న మట్టి చేసింది ఫుప్పానే. పండు ముసలివాడై పోయాడు. దూరదేశాల్లో ఉన్న కొడుకులు రెక్కలు కట్టుకుని వచ్చారు. మట్టి వేయడం అయ్యాక పెద్ద కొడుకు నా చెయ్యి పట్టుకున్నాడు.

"భాయ్, ఇంట్ల పెద్దోనివి నువ్వే. అబ్బా కోసం దువా నువ్వే జెయ్యి. నీ ఉర్దూ అబ్బాకు మస్తు ఇష్టముండె."

అందరూ చేతులెత్తారు. నేనూ ఎత్తాను. గొంతులో ఉర్దూ సిద్ధంగా ఉంది, ఇస్త్రీ చేసిన చొక్కాలా. దాన్ని పక్కన పెట్టాను.

"అల్లా, నీకు ఎరుకలేనిదేమున్నది. అయినా చెప్త. ఈయన మా ఫుప్పా. కరువుల మాకు నీడనిచ్చిండు. ఒక్క రోజా ఇడువలే, ఒక్క నమాజు తప్పలే. మనుషుల గాలి తీసుడు ఒక్కటే జర అలవాటుండె, గది నీకూ ఎరుకే, మాఫ్ జెయ్యి. ఇప్పుడు నీ ఫరిష్తేలు అడగనీకి వస్తరు. మెల్లగ అడుగుమను. భయపడ్డోనికి వచ్చిన జవాబు గూడ యాదికి రాదు. ఇంకొక్క మాట. అక్కడ మా అవ్వ ఎదురైతే, ఆమె తెలుగులనే మాట్లాడుతది. ఈయనకు సమజయ్యేటట్టు జెయ్యి."

కొడుకులు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. వెనక వరసలో ఎవరో "ఆమీన్" అన్నారు. ఆ తర్వాత అందరూ అన్నారు.

"పోదాం భాయ్" అన్నాడు చిన్న కొడుకు.

"నడువుండ్రి, వస్త."

చెప్పుల చప్పుడు గేటు వైపు దూరమైంది. రెక్క పట్టి నన్ను ఈడ్చుకుపోయే మనిషి మట్టి కింద ఉన్నాడు. మోకాళ్లు మొరాయించినా, ఆయన ఖబరు పక్కన అటూ ఇటూ నడిచాను, కాళ్లు ఎత్తెత్తి వేస్తూ. నడుస్తూ నడుస్తూ బర్రె సంగతి మొదలుపెట్టాను. అది ఎంత పాలిచ్చేదో, దాన్ని ఎట్లా తోలుకుపోయారో, అవ్వ ఊరి చివరిదాకా ఎట్లా నడిచిందో, పటేలమ్మ మోకాలు చివరికి ఏమైందో, అన్నీ వివరంగా తెలుగులో చెప్పాను. వినడం తప్ప ఆయనకు వేరే పని లేదు.